తలుపు వైపు వాటం

జూన్‌లో లడఖ్‌లో దిగాను. డెబ్బైల చివరి సంవత్సరాలవి. ట్రక్కు మీంచి దూకగానే ఊపిరి అందలేదు. చెట్టు లేదు, గడ్డి లేదు, ఎటు చూసినా బూడిద రంగు కొండలు. మా అనంతసాగరంలో ఆ రోజుల్లో వట్టికాలు కింద పెడితే బొబ్బలెక్కుతాయి. ఇక్కడేమో ఉన్ని కోటు మీద ఇంకో కోటు. నేను పట్టాళంలో బండ్ల మెకానిక్‌ను. నా డ్యూటీ ఒక రేకుల షెడ్డులో. దాన్నే వర్క్‌షాపు అనేవాళ్ళు.

ఆ షెడ్డు నేల చూస్తే ఏడుపొచ్చింది. కాంక్రీటే, కానీ చలికాలంలో అడుగున మట్టి గడ్డకట్టి ఉబ్బి దాన్ని ఎత్తేసింది. నడిమధ్య గూని, గోడల వారన గుంటలు. జాకీ మీద ట్రక్కు లేపితే పక్కకు వాలేది. బోల్టు జారిందంటే గుంటలోని నూనెలో తేలేది. దాన్ని వెతుక్కోవడమే ఒక డ్యూటీ.

మేస్త్రీ నాకు అక్కడే దొరికాడు. కట్టుబడి పనులు చేసే జవాను, వచ్చి ఏడాది దాటింది. ఎవరో తెలుగులో సుత్తిని తిడుతుంటే వినపడి పరుగెత్తాను. మాది ఉదయగిరి అన్నాడు. ఆ సాయంత్రమంతా మా రెండు ఊళ్ళకూ బస్సు మారే ఆత్మకూరు బస్టాండు గురించే మాట్లాడుకున్నాం. ఏ బస్సు ఎక్కడ ఆగుతుంది, ఏ అంగడిలో టీ బాగుంటుంది, ఇవే మాటలు. వింటున్న పంజాబీ వంటవాడు మా ఇద్దరికీ పిచ్చి పట్టిందనుకున్నాడు.

మేస్త్రీ ఊరు వదిలాక అతనికి ఆడబిడ్డ పుట్టింది. ఏఎస్ పేట దర్గాలో ఆ బిడ్డను తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని పుట్టువెంట్రుకలు తీయిస్తానని మొక్కుకున్నాడు. తను వెళ్ళేదాకా ఆ తల మీద కత్తి పడకూడదు. వెంట్రుకలు కళ్ళ మీదికి వచ్చేశాయని ఇంటి నుంచి కబురొస్తే ఒక పూట నవ్వేవాడు, రెండో పూట అన్నం మానేసేవాడు.

ఆగస్టులో సుబేదారు ఆర్డరు వేశాడు. ఆ ఏటి చివరి ట్రక్కుల కాన్వాయ్‌లో ఇనుము చెక్కే లేత్ మిషను వస్తోంది. ఆలోగా నేల చదును కావాలి. అదే కాన్వాయ్ తిరిగి దిగేటప్పుడు మా ఇద్దరికీ సెలవు. ఆ తర్వాత కనుమ మంచుతో మూసుకుపోతుంది, మళ్ళీ వేసవి దాకా కిందికి దిగే దారి ఉండదు.

నీళ్ళ ట్యూబు పట్టి గోడల మీద మట్టం గుర్తులు పెట్టాం. ఉలులతో గూనిని చెక్కేశాం. దుమ్మంతా కడిగి, సిమెంటు పాలు పూసి, కొత్త కాంక్రీటు పోశాం. చలికి నీళ్ళు కాచి కలపాల్సి వచ్చింది. పోసిన చోటల్లా గోనెసంచులు కప్పి, పక్కన పొయ్యి ఆరకుండా కాపలా కాశాం. బద్ద లాగి సమం చేయడం, తాపీతో రుద్దడం మాత్రం మేస్త్రీ ఒక్కడే చేశాడు. ఇంకొకరిని చెయ్యి పెట్టనివ్వలేదు. రుద్దుతున్నంతసేపూ ఉర్దూలో బిడ్డతో కబుర్లు చెప్పేవాడు.

కాన్వాయ్ వచ్చింది. నేల అద్దంలా ఉంది. మేమిద్దరం అప్పటికే పెట్టెలు సర్దుకున్నాం. లేత్‌తో వచ్చిన హవల్దారు నిమ్మకాయంత బేరింగు గోళీ తెచ్చి నడిమధ్య పెట్టాడు. అది క్షణం ఆగింది. తర్వాత మెల్లగా కదిలి తలుపు దాటి బయటికి దొర్లిపోయింది. ఇంకోచోట పెట్టాడు. మళ్ళీ తలుపు వైపే.

మా వైపు ఇళ్ళలో నేల వేస్తే తలుపు వైపు కాస్త వాలుగా వాటం ఇస్తాం, కడిగిన నీళ్ళు గడప పక్క తూములోంచి బయటికి పోవడానికి. గోడల మీద గుర్తులు సరిగ్గానే ఉన్నాయి. బద్ద లాగేటప్పుడు అతని చెయ్యి అలవాటు కొద్దీ అర అంగుళం దించేసింది. మేస్త్రీ గొంతుక్కూర్చుని అరచెయ్యి నేలకు ఆనించాడు.

"మా ఇంట్లో మాదిరే ఏసినాను రా," అన్నాడు.

సుబేదారు అరవలేదు. పైపొర చెక్కి మళ్ళీ వేయాలి, మేస్త్రీ ఆగాలి, మెకానిక్ పోవచ్చు అన్నాడు. నేనూ ఉంటానన్నాను.

"నువ్వుండి ఏం జేస్తావు? తాపీ పట్టుకునేది గూడా తెలవదు నీకు. పో. నా కోసరం ఆగొద్దని ఇంట్లో చెప్పు. బిడ్డని నువ్వే ఒళ్ళో పెట్టుకోని తీయించు."

ఆ గోళీని తుడిచి బిడ్డకిమ్మని నా చేతిలో పెట్టాడు. ఊరికి పోతున్నానని ఒళ్ళంతా పొంగుతోంది, అతని ముఖం చూడలేక పెట్టె తాళం రెండుసార్లు లాగి చూసుకున్నాను.

ట్రక్కులు, రైళ్ళు, నెల్లూరు, ఆత్మకూరు. ఇంట్లో ఒక్క రాత్రి పడుకుని ఉదయగిరి బస్సెక్కాను. మేస్త్రీ భార్య చాప పరిచింది. వదినా, అన్న ఇట్లా చెప్పమన్నాడని చెప్పాను. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆయన వచ్చిందాకా తీసేది లేదన్నా. ఎంటికలే గదా, పెరగనీ."

బిడ్డ చేతికి గోళీ ఇచ్చాను. అప్పుడప్పుడే నడక వచ్చింది. వెంట్రుకలు ముక్కు దాకా వేలాడుతున్నాయి. ఆ ఇంటి సిమెంటు నేల మేస్త్రీ పెళ్ళికి ముందు తన చేత్తో వేసుకున్నదేనట.

మరుసటి వేసవిలో మేస్త్రీ ఊరికి దిగాడు. నా డ్యూటీ మైదానానికి మారింది, నేనూ అప్పుడు సెలవులోనే ఉన్నాను. దర్గాలో మొక్కు తీరింది. లడఖ్ షెడ్డులో రెండోసారి వేసిన నేల మీద గోళీ పెడితే పెట్టిన చోటే ఉందని ఆత్మకూరు బస్టాండులో టీ తాగుతూ చెప్పాడు. సంతోషపడ్డాను.

ఇన్నేళ్ళ తర్వాత, లడఖ్ అని ఎవరన్నా అంటే నాకు మంచు గుర్తుకు రాదు. ఉదయగిరిలో ఆ ఇల్లే కనిపిస్తుంది. బిడ్డ గోళీని నేల మీద పెడుతుంది. అది తలుపు వైపు దొర్లుతుంది. వెనకే తప్పటడుగులతో వెళ్ళి గడప దగ్గర దాన్ని అందుకుంటుంది. కళ్ళ మీది వెంట్రుకలు చేత్తో తోసుకుని కాసేపు వీధిలోకి చూస్తుంది. వెనక్కి వచ్చి మళ్ళీ పెడుతుంది.