ఆజ్ఞకొక మనిషి

1936లో నన్ను తర్లుపాడు పక్క పల్లెలకు ఉపదేశిగా వేశారు. అప్పట్లో మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. మిషన్‌లో అంతస్తులు కచ్చితం. పైన మిషనరీ దొర, ఆయన కింద పాస్టరు, ఆయన కింద ఉపదేశి, అంటే పల్లెవాళ్ళు పిలిచే పంతులయ్య. బాప్తిస్మం ఇచ్చే అధికారం పై ఇద్దరిదే. అందుకు మనుషుల్ని తయారుచేసే పని మాది. నీళ్ళు వాళ్ళవి, ఎండ మాది.

బాప్తిస్మం కోరేవాళ్ళకు ఏటా పరీక్ష ఉండేది. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు సంఘం ఎదుట నోటికి అప్పజెప్పాలి. ఒక్క ఆజ్ఞ తప్పినా మళ్ళీ ఏడాదిదాకా ఆగాల్సిందే.

ఒక పల్లెలో నాగమ్మ అనే ముసలామె అప్పటికి రెండుసార్లు తప్పింది. ఆమెది పలకల గనిలో పని. ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే రాయి రేకులుగా విడిపోయేది. ఆజ్ఞలు మాత్రం బుర్రకెక్కేవి కావు. కొడుకు, కోడలు, మనవలు అందరూ బాప్తిస్మం పొందినవాళ్ళే. బాప్తిస్మం పొందినవాళ్ళకు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు ఆదివారం వాళ్ళంతా ప్రభు బల్ల దగ్గరికి వెళితే ఈమె ఒక్కతే గోడవారన కూర్చునేది.

“నాయనా, నేను పోయేలోపల ఆ బల్ల కాడ నా కోడలి పక్కన కూర్చోవాల. ఆ రొట్టె ఎట్లుంటదో కూడా అది నాకు చెప్పదు,” అన్నది ఒకసారి.

నాకు జాలి వేసింది. రోజూ కంటికి కనబడేదానికి ఒక్కొక్క ఆజ్ఞను తగిలించుకొమ్మని సలహా ఇచ్చాను. నా ఉద్దేశం చేతివేళ్ళు. ఆమె దేనికి తగిలించుకుందో నేను అడగలేదు. నెల తిరిగేసరికి నోరు కదుపుతూ గనికి పోవడం చూసి, నా బోధన ఫలించిందని మురిసిపోయాను.

పరీక్ష రోజు పాస్టరుగారు వచ్చారు. ఆయన నవ్వగా నేను చూసి ఎరగను. నాగమ్మ లేచి నిలబడి పెదవుల్లో ఏదో గొణిగి, తరువాత పైకి మొదటి ఆజ్ఞ చెప్పింది. గొణుగుడు కూడా గట్టిగా వినిపించాలన్నారు ఆయన.

“అదీ చెప్పాల్నా అయ్యగారూ?” అని ఆమె నా వైపు చూసింది. నేను ధీమాగా తల ఊపాను. అంతటి తెలివితక్కువ పని నా ఉద్యోగంలో మరొకటి చేయలేదు.

“గుమ్మానికి నిమ్మకాయ కట్టిన మా కోడలు. అంటే రెండోది, బొమ్మలకు మొక్కొద్దు. ఎద్దును అమ్మేటప్పుడు దేవునితోడు అన్న సంఘ పెద్ద. మూడోది, దేవుని పేరు ఊరికే ఎత్తొద్దు. ఆదివారమూ గనికి పోయే నా మనవడు. నాలుగోది, ఆ దినం పని ముట్టొద్దు. నాకు పలకని నా కొడుకు. ఐదోది, అమ్మానాయన్లను గౌరవించాల.”

గుడిలో కూర్చున్న కోడలు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఆగలేదు. “ఆరోది, నరహత్య. దీనికి మనూర్లో ఎవురూ దొరకలా. పక్కూరు నుంచి ఒకాయన్ను ఎరువు తెచ్చుకున్నా. ఏడోది, వ్యభిచారం. పేర్లు చెప్పను, ఇద్దరుండారు ఈడనే.”

ఆమె ఇద్దరన్నది. నలుగురు తలలు దించుకున్నారు.

ఎనిమిదోది కోడిని కాజేసిన పొరుగాయన మీదుగా సాఫీగా గడిచింది. తొమ్మిదోదాని దగ్గర ఆమె ఆగిపోయింది. అబద్ధసాక్ష్యం గురించిన ఆజ్ఞ అది. పాస్టరుగారు రెండుసార్లు అడిగారు. ఆమె నేల చూపులు చూస్తూ, “ఇది మాత్రం పంతులయ్య ముందర చెప్పేది గాదయ్యగారూ. తప్పితే తప్పినట్టు రాసుకోండి,” అన్నది.

ఆమె దాస్తున్నది నన్నేనని నాకు తెలిసిపోయింది. ఆ పల్లెలో ఇంటింటా ఉదయం కుటుంబ ప్రార్థన జరుగుతోందని కిందటి నెల నివేదికలో రాసి పంపాను. నిజానికి ఒక్క ఇంట్లో కూడా జరగడం లేదు. తెల్లారేసరికి ఊరంతా గనిలో ఉంటుంది. నేను రాసింది పైకి చదువుకుంటుంటే నాగమ్మ అరుగు మీద ఉండి విన్నది. ఆమె నోరు విప్పితే నా ఉద్యోగం పోతుంది. విప్పకపోతే ఆమెకు మరో ఏడాది గోడవారన చోటే. ఆ వయసులో ఏడాదంటే మాటలు కాదు. సిగ్గుతో చచ్చిపోయాను. లేచి, తొమ్మిదోది నేనేనని చెప్పి, నివేదిక సంగతి బయటపెట్టాను.

పాస్టరుగారు నేను చెప్పింది కాగితం మీద రాసుకుని ఆమె వైపు తిరిగారు. “ఇప్పుడు చెప్పు అవ్వా.” ఆమె పైకప్పును చూస్తూ తొమ్మిదోది తప్పు లేకుండా చెప్పింది.

“పదోది, పరాయివాళ్ళది ఆశపడొద్దు. అది నాదే అయ్యగారూ. ఆ బల్ల కాడ కూచున్నోళ్ళను చూసి ఇన్నేండ్లు కండ్లల్లో నిప్పులు పోసుకున్నా.”

పాస్టరుగారు రుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. అది చెమటో నవ్వో నేను చెప్పలేను. వచ్చే ఆదివారం గుండ్లకమ్మలో బాప్తిస్మం అని ప్రకటించారు. నాకు శిక్ష వేరే వేశారు. ఒక నెలపాటు పొద్దు పొడవకముందే ఇంటింటికీ వెళ్ళి ప్రార్థనలో కూర్చుని, చూసింది మాత్రమే మళ్ళీ రాసి పంపాలి. మొదటి వారం నన్ను చూసి తలుపులు వేసుకున్నవాళ్ళే ఎక్కువ. నెలాఖరుకు మూడిళ్ళ గురించి రాయగలిగాను. ఆ మూడూ నిజం.

ఆ తరువాత ఏ పల్లెలో ఆజ్ఞలు నేర్పినా తొమ్మిదోదానికి ముందుగా నా పేరే చెప్పేవాణ్ణి. మిగతావాటికి వాళ్ళ పేర్లు వాళ్ళే చెప్పుకునేవాళ్ళు.