గడప దగ్గర ఒక మనిషి

మడి కట్టుకున్నవాళ్ళు దేన్నీ ముట్టుకోకూడదన్న సంగతి విష్ణుప్రియకు తెలియక కాదు, ఆమె పుట్టి పెరిగిందే అలాంటి ఇంట్లో. అయినా మామగారి మొదటి ఆబ్దికం నాడు, తలస్నానం చేసి మడిచీర కట్టుకుని పొయ్యి మీద పప్పు పడేసిన మనిషి, వీధిలో బెల్లు మోగగానే చక్కా వెళ్ళి తలుపు తీసి, గ్యాసు బండ తెచ్చిన అతని చేతిలోంచి రసీదు అందుకుంది. అత్తగారు భూదేవమ్మ నడవలోంచి చూసి నెత్తి కొట్టుకుంది. మళ్ళీ స్నానం, మళ్ళీ మడి. రెండోసారి, మోగుతున్న ఫోను ఎత్తింది. మూడోసారి కాకిని తోలడానికి పెరట్లోకి పోయి, తీగ మీద ఆరేసిన మామూలు బట్టలన్నిటినీ భుజంతో రాసుకుంటూ తిరిగొచ్చింది. భోక్తలుగా వచ్చిన బ్రాహ్మలు విస్తళ్ళ ముందు కూర్చునేసరికి సాయంత్రం నాలుగైంది.

రెండో ఏడు మడి నిలిచింది గానీ ఉప్పు దెబ్బ తీసింది. పితృకార్యం వంట ముందుగా రుచి చూడకూడదు. వేశానా లేదా అని అనుమానం వచ్చి, పులుసులో రెండోసారి వేసేసింది. భోక్తలు మర్యాదస్తులు కాబట్టి మంచినీళ్ళు ఎక్కువగా తాగి ఊరుకున్నారు. భూదేవమ్మ మాత్రం ఊరుకోలేదు. మూడో ఏటి ఆబ్దికం ఇంకో నెల ఉందనగా తేల్చి చెప్పేసింది. ఈసారీ చెడితే, ఇక ఏటా ఆ రోజుకు అహోబిలం నుంచి వంటమ్మను పిలిపిస్తుందట, కోడలు వంటింటి గడప తొక్కనక్కర్లేదట.

ఇంకో కోడలైతే ఈ మాటకు లోలోపల గంతులేసేది. విష్ణుప్రియకు అది శిక్షలా తోచింది. పోయిన కృష్ణస్వామి గారు ఆ ఇంట్లో ఆమెను పరాకు మనిషి అని ఒక్కనాడూ అనని ఏకైక వ్యక్తి. అంతటి మనిషికి ఏడాదికి ఒక్క పూట సరిగ్గా వండిపెట్టే యోగ్యత తనకు లేదా అని ఆమె దిగులు.

ఆమెకు ముప్పై ఆరేళ్ళు. ఆళ్ళగడ్డలో ఒక ప్రైవేటు బళ్ళో తెలుగు పంతులమ్మ. భర్త ముకుంద్ అహోబిలంలో అర్చకుడు, తెల్లవారుజాము బస్సుకు వెళ్ళి పొద్దుగూకాక వస్తాడు. చాలా సౌమ్యుడు, అంటే అత్తాకోడళ్ళ మధ్య ఏనాడూ నోరు విప్పడని అర్థం. ఇక ఆమె సంగతి చెప్పాలంటే, బడి తాళాలు ఆమె ఇంటి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన దొరుకుతాయి. పరీక్ష పేపర్లు దిద్దుదామని కూర్చుంటే, ఎవరో పిల్ల రాసిన ఒక్క పాతకాలపు మాట దగ్గర ఆగి, దాని పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతూ నాలుగు గంటలు లేవదు. ఆ నాలుగు గంటలూ పొయ్యి మీద పాలు ఏమయ్యాయో అడగకండి. సోమరిపోతు అందామా అంటే చీమకంటే ఎక్కువ తిరుగుతుంది. పని రాదందామా అంటే అన్నీ వచ్చు.

చుట్టాలు తేల్చిన కారణం ఒకటుంది. మామగారు బతికుండగా, ఆయన తల్లి ఆబ్దికానికి తొమ్మిదేళ్ళపాటు వండింది విష్ణుప్రియే. ఒక్క తప్పు జరగలేదు. ఆయన పోయాకే ఈ గోలంతా. కాబట్టి ఆయనుండగా భయముండేది, ఇప్పుడు అత్తగారంటే లెక్కలేదు, అంతే సంగతి అన్నారు. ఆమె తనకు తాను ఎన్నిసార్లు తరచి చూసుకున్నా ఆ లెక్కలేనితనం ఎక్కడా కనబడలేదు. మరి తొమ్మిదేళ్ళు కుదిరింది ఇప్పుడెందుకు కుదరడం లేదో ఆమెకూ అంతుబట్టలేదు.

ఇలా ఉండగా ఒక శనివారం నంద్యాల నుంచి దావీదు అనే మానసిక వైద్యుడు బడికి వచ్చాడు, ఏడీహెచ్‌డీ, అంటే మనసు ఒకచోట నిలవని లక్షణం, ఉన్న పిల్లల్ని గుర్తుపట్టడం గురించి టీచర్లకు చెప్పడానికి. కుదురుగా కూర్చోలేని మగపిల్లల్ని అందరూ పట్టేస్తారు, కిటికీలోంచి చూస్తూ నోరెత్తకుండా కూర్చునే ఆడపిల్లల్ని ఎవరూ పట్టించుకోరు, వాళ్ళు అలాగే పెద్దవాళ్ళయి సంసారాల్లో పడి తిట్లు తింటుంటారు అన్నాడు. వస్తువులు పోవడం, మొదలుపెట్టిన పని వదిలి ఇంకోదానికి పోవడం, నచ్చినదాంట్లో పడితే ఒళ్ళు తెలియకపోవడం, ఒక్కొక్కటే చెప్పుకుపోతున్నాడు. విష్ణుప్రియ పక్కనున్న సౌజన్య టీచరు చెవిలో, మా ఇంటి సంగతులు ఈయనకు నువ్వు చెప్పినావా అని అడిగింది. నవ్వులాటకు అడగలేదు, నిజంగానే అనుమానం వచ్చింది.

వారం తిరక్కుండా, దర్భాసనాలు కొనాలని ఇంట్లో చెప్పి, నంద్యాల మీదుగా పోయే కర్నూలు బస్సెక్కింది. డాక్టర్ని ఏమడగాలో ఆలోచిస్తూ కూర్చుంది. బస్సు నంద్యాల బస్టాండులో పది నిమిషాలు ఆగింది. జనం దిగారు, ఎక్కారు. ఆమె ఆలోచన తెగేసరికి పాణ్యం వచ్చింది. అక్కడ దిగి ఇంకో బస్సు పట్టుకుని వెనక్కి వచ్చి, గంటన్నర ఆలస్యంగా సంజీవనగర్‌లోని ఆసుపత్రికి చేరి, కారణం చెప్పుకుంది. సగం పరీక్ష అయిపోయిందమ్మా అని దావీదు నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు, సిగ్గుతో చచ్చిపోయింది.

చిన్నప్పటి బడి నుంచి నిరుటి ఉప్పు దాకా అన్నీ అడిగాడు. ఇంకో రెండుసార్లు రావాలి, మీ అమ్మగారితోనూ మాట్లాడాలి, కానీ నాకు తోస్తున్నది ఏడీహెచ్‌డీయే, మందుల మాట తర్వాత చూద్దాం అన్నాడు. అది పిల్లల జబ్బు కదా అంది ఆమె. పిల్లలు పెద్దవుతారు కదమ్మా అన్నాడు. అప్పుడు ఆమె ఎన్నాళ్ళుగానో మింగుడుపడని ఆ తొమ్మిదేళ్ళ సంగతి చెప్పింది.

"మీరు వంట చేస్తాంటే మీ మామగారు ఏం చేస్తాండిరి?"

"ఏం చేయరు. గడప అవతల పీటేసుకోని పంచాంగం చూసుకుంటా కూర్చునేవారు. అప్పుడప్పుడు, పొయ్యి మీద ఏముందమ్మా అనేవారు."

దావీదు కలం కింద పెట్టాడు. "అది చేయకపోవడం కాదమ్మా. పక్కన ఒక మనిషి ఊరికే కూర్చుంటే కొందరికి మనసు పని మీద నిలబడతాది. మీ మనసును ఆయన అట్లా నిలిపినారు."

విష్ణుప్రియకు ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. ఆయన తెలిసే కూర్చున్నారా, పంచాంగానికి అక్కడ వెలుతురు బాగుందని కూర్చున్నారా? అడుగుదామంటే మనిషి లేడు. తిరుగు బస్సులో శిరివెళ్ళ వచ్చేదాకా ప్రాణం హాయిగా ఉంది. శిరివెళ్ళ దాటాక కోపం వచ్చింది, ముప్పై ఆరేళ్ళు తిట్టిన వాళ్ళందరి మీదా. ఆళ్ళగడ్డ దగ్గరపడేసరికి, తప్పుకు సాకు వెతుక్కుంటున్నానేమో అని తన మీదే అనుమానం వచ్చింది. పరాకంతా ఏడీహెచ్‌డీదైతే, పాతమాటల వెంట పడి పరవశించిపోయే మనిషి ఎవరు? ఆమెకేమీ తేలలేదు. ఇంటికొచ్చాక చూసుకుంటే దర్భాసనాలు కొననేలేదు.

ముకుంద్‌కు చెబితే, మరుపు అందరికీ ఉంటుందిలే అన్నాడు. భూదేవమ్మకు చెబితే మతిమరుపుకు మందేందని, తమ కాలంలో ఈ పేర్లే వినలేదని కొట్టిపారేసింది. విష్ణుప్రియ వాదించలేదు. ఆబ్దికం నాడు వంట అయ్యేదాకా గడప దగ్గర కూర్చోమని మాత్రం అడిగింది.

"నన్ను కాపలా కూర్చోమంటాండావా?"

"కాపలానే అనుకోండి అత్తయ్యా. కూర్చుంటే చాలు."

ఆ ముసలామె కూర్చుంది, ఎక్కడ తప్పు చేస్తుందో పట్టుకుందామనే కూర్చుంది. చేతిలో జపమాల, కళ్ళు కోడలి మీద. అరటికాయ తరుగుతుండగా ఫోను మోగితే విష్ణుప్రియ కాళ్ళు వాటంతటవే తిరిగాయి. "యాడికి?" అంది భూదేవమ్మ. ఆ ఒక్క మాటతో కాళ్ళు ఆగాయి. పులుసులో ఉప్పు వేస్తూ, వేస్తున్నానత్తయ్యా అని పైకి చెప్పింది. ఊఁ అంది ఆమె. గారెలు, కాకరకాయ, నువ్వులపచ్చడి, మిరియాల చారు, ఒకదాని వెనుక ఒకటి దిగాయి. మధ్యాహ్నానికల్లా భోక్తలు కూర్చున్నారు. పెద్దాయన పులుసు రెండోసారి వేయించుకున్నాడు.

అంతా సద్దుమణిగాక పక్కింటి కమలమ్మ వచ్చింది. బజారులో కిరాణా కొట్టు వాళ్ళావిడ. ఎట్లా జరిగిందని అడిగితే, భూదేవమ్మ తృప్తిగా చెప్పింది.

"ఈ ఏడు మా కోడలు మనసు పెట్టి చేసింది కమలమ్మా."

పెళ్ళయిన పన్నెండేళ్ళలో అత్తగారి నోట ఇంత మెప్పు రావడం అదే మొదలు. విష్ణుప్రియకు సంతోషం రావాలి. వచ్చింది గానీ నిలవలేదు. తోముతున్న గిన్నె అలాగే పట్టుకుని బయటకొచ్చింది.

"నిరుడు కూడా మనసు పెట్టే చేసినానత్తయ్యా. అంతకు ముందేడు కూడా. ఈ ఏటికంటే ఎక్కువే పెట్టినా."

కమలమ్మ ఇబ్బందిగా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. భూదేవమ్మ కసురుకోబోయి ఆగింది. కోడలి కళ్ళలో నీళ్ళున్నాయి గానీ ఎదురు తిరుగుతున్న ముఖం కాదది.

"మరి అప్పుడు ఎందుకు చెడిందే?" అంది.

ఈ ప్రశ్న ఆమె ఇదివరకు వందసార్లు వేసింది. జవాబు కోసం ఎదురుచూడటం మాత్రం ఇదే మొదటిసారి. విష్ణుప్రియ గిన్నె కింద పెట్టి ఆమె పక్కన కూర్చుంది.