ఐదో పేజీలో సమ్మయ్య

యూనివర్సిటీ లైబ్రరీలో పాత పేపర్ల గది కింది అంతస్తులో ఉంటుంది. అక్కడ కరుణది కాంట్రాక్టు ఉద్యోగం. అడిగినవాళ్లకు బైండు చేసిన పాత పేపర్లు తెచ్చివ్వాలి, దుమ్ము దులపాలి, మళ్లీ వాటి చోట పెట్టాలి. ఒక్కో బైండు నడక రాని పిల్లాడంత బరువు. పీహెచ్‌డీ చేసేవాళ్లు వచ్చి నాలుగు ఫోటోలు తీసుకుని అరగంటలో వెళ్లిపోతారు. రోజూ వచ్చి సాయంత్రం దాకా కూర్చునేది మాత్రం సోమయాజులు గారొక్కరే.

ఆయన రైల్వేలో రిటైరై తార్నాకలో ఉంటున్నారు. సొంతూరు అమలాపురం దగ్గర. ఊరూరా చెదిరిపోయిన తమ వంశంవాళ్లందరినీ ఒక్క నోటుబుక్కులోకి ఎక్కించాలని ఆయన పట్టుదల. అందుకు ఆయన నమ్ముకున్నది పాత పేపర్లలోని మరణ ప్రకటనలను.

"శుభలేఖల్ని నమ్మకూడదమ్మా! అలిగినవాళ్ల పేర్లు అందులో ఎగిరిపోతాయి. చావు ప్రకటనలో అలా కాదు. కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు, ఊరు, వీధి, అన్నీ ఉంటాయి" అనేవారు.

"పొద్దుపొద్దున్నే పోయినోళ్ల ముఖాలు చూసుడేంది సార్?" అని మొదట్లో కరుణ నవ్వేది. నెల తిరిగేసరికి ఆమెకే ఆ పిచ్చి అంటుకుంది. ఆయన కళ్లద్దాలు తుడుచుకునేలోగా పేజీ మొత్తం కంటితో జల్లెడపట్టి, "గీడ ఉన్నది సార్, మీ ఇంటిపేరాయన. కాకినాడ" అని చూపించేది.

ఒక మధ్యాహ్నం ఆయన ఉన్నట్టుండి అడిగారు. "మీ తాతగారి పేరేమిటమ్మా?"

"సమ్మయ్య."

"ఏ ఊరు?"

ఊరి సంగతి కరుణకు ఎవరూ చెప్పలేదు. సమ్మయ్య ఇదే క్యాంపస్‌లో హాస్టల్ మెస్సులో వంట చేసేవాడని మాత్రం తెలుసు. ఆయన పోయేటప్పటికి కరుణ నాన్న నరహరికి ఇంకా మాటలు రాలేదు. నాయనమ్మ రాములవ్వ మాణికేశ్వర్ నగర్‌లో ఒక గది పట్టుకుని, నాలుగిళ్లలో పనిచేసి కొడుకును పెంచింది. మొగుడి ఊరు ఏదని ఎవరడిగినా ఒకటే మాట: "అటు దిక్కు మనకెవ్వరు లేరు." ఆ మాటతోనే ఆరేళ్ల కిందట కన్నుమూసింది.

"అయితే మీ తాతగారిని వెతుకుదాం" అన్నారు సోమయాజులు, చొక్కా చేతులు పైకి మడుస్తూ.

"మా అసుంటోళ్లకు పేపర్ల ఎవరేస్తరు సార్?"

"వెతికితే కదా తెలిసేది. ఏ సంవత్సరం పోయారు?"

ఆ రాత్రి అన్నం తింటూ కరుణ తండ్రిని అడిగింది. నరహరి ముషీరాబాద్‌లో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మాట తక్కువ.

"ఏడాది నాకేం ఎరుక బిడ్డా? సమ్మక్క జాతరకు పోయొచ్చిన నెలకే పోయిండని అవ్వ అంటుండె. గంతే."

మర్నాడు ఆ మాట విని సోమయాజులు ఎగిరి గంతేసినంత పని చేశారు. జాతర రెండేళ్లకోసారి, మాఘంలో. నరహరి వయసును బట్టి చూస్తే అది పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు. అంటే వెతకాల్సింది మార్చి, ఏప్రిల్ నెలలే.

కరుణ రోజూ టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని చూడసాగింది. వకీళ్లు పోయారు, జమీందార్లు పోయారు, రిటైరైన తహసీల్దార్లు పోయారు. వంటవాళ్లెవరూ పోలేదు. మూడు పేపర్ల బైండ్లు అయిపోయాయి. వదిలేద్దామనుకుంటూ నాలుగో పేపరు తిప్పుతుంటే, ఐదో పేజీలో సినిమా ప్రకటన కింద అగ్గిపెట్టంత గడి కనబడింది.

'మా హాస్టలులో పదకొండేండ్లు మాకు అన్నము పెట్టిన సమ్మయ్య గుండెపోటుతో మరణించినాడు. భార్య రాములమ్మ, ఏడాదిన్నర కుమారుడు కలరు. హుజూరాబాదు తాలూకా వంగలకుంటలోని అన్న ఓదెలు వెంటనే రావలెను. ఇట్లు, హాస్టలు విద్యార్థులు.'

కరుణ రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. సోమయాజులు వచ్చి చూసి, తన ఫ్లాస్కులోంచి కప్పులో కాఫీ పోసి ఆమె ముందు పెట్టారు. ఆ గదిలో కాఫీ తాగకూడదని బోర్డు ఉంది. ఆ పూట ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు.

ఫోన్లో తీసిన ఫోటో చూపిస్తే నరహరి దాన్ని వేళ్లతో పెద్దది చేసుకుని చదివాడు. "పిల్లలు చందాలేసుకుని వేయించి ఉంటరు" అని మాత్రం అన్నాడు. తర్వాత, "ఆదివారం పోదామా?" అన్నాడు.

సోమయాజులు నేనూ వస్తానన్నారు. వద్దంటే వినే మనిషి కాదు. ముగ్గురూ జూబ్లీ బస్టాండులో ఎక్కి, హుజూరాబాద్‌లో దిగి, ఆటో పట్టుకుని పదకొండింటికి వంగలకుంట చేరారు. దారంతా ఆయన నోటుబుక్కులో కొత్త పేజీకి గీతలు కొడుతూనే ఉన్నారు.

ఊరి మొదట్లో చాయ్ హోటల్ దగ్గర అడిగితే, ఓదెలు పోయి చాలా ఏళ్లయిందని, ఆయన బిడ్డ సత్తవ్వ ఉందని చెప్పారు. సత్తవ్వకు అరవై అయిదు ఉంటాయి. వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. నరహరి గేటు తీసుకుని నాలుగడుగులు లోపలికి వేశాడో లేదో, చేతిలో చాట కింద పెట్టేసింది.

"ఎవరు నువ్వు? మా బాపు నడిచినట్టే నడుస్తున్నవు!"

కరుణే చెప్పింది, "సమ్మయ్య కొడుకు, అత్తా."

సత్తవ్వ నరహరి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. కాసేపటికి ఏడుపు తిట్లలోకి తిరిగింది. "యాభై ఏండ్లకు యాదికొచ్చిందారా తమ్మీ? నా పెండ్లికి రాకపోతివి, మా బాపు దినాలకు రాకపోతివి! నిన్ను ఈ సంకల ఎత్తుకుని తిరిగిన నేను! రాములు చిన్నమ్మకు తల్లి లేకుండె, కాన్పు గీ ఇంట్లనే అయింది."

"నేను గీడ పుట్టిన్నా?"

"మరెక్కడ? సద్దుల బతుకమ్మ నాడు. నీ పుట్టుకతోని నాకు ఆ యేడు ఆట లేకపాయె."

ఆధార్ కార్డులో తన పుట్టిన రోజు జనవరి ఒకటి అని నరహరి చెబితే సత్తవ్వ పడీ పడీ నవ్వింది.

అన్నాలు తిన్నాక అసలు సంగతి తెలిసింది. ఆ పేపరు ఊళ్లో బడిపంతులు ఒక్కడికే, అదీ నాలుగు రోజులకోసారి కట్టగా వచ్చేది. ఆయన చూసి చెప్పేసరికి పదిరోజులు దాటిపోయింది. ఓదెలు పరుగున హైదరాబాద్ వెళ్లాడు. అప్పటికే సెలవులిచ్చి హాస్టల్ తాళం వేశారు. రాములవ్వ మెస్సు వెనక గది ఖాళీ చేసి ఎటో వెళ్లిందన్నారు. మూడురోజులు క్యాంపస్ చుట్టూ తిరిగి, దొరక్క తిరిగొచ్చాడు.

"వస్తడని ఎదురుచూసి ఉంటది మా అవ్వ" అన్నాడు నరహరి. "ఎవ్వరు రాలేదనుకున్నది. అందుకే ఈ ఊరి పేరు ఎన్నడు ఎత్తలే."

"మా బాపేమో, పుట్టింటి దిక్కు పోయి ఇంకో లగ్గం చేసుకున్నదేమో, అడుగుడెందుకని ఊకున్నడు."

సోమయాజులు నోటుబుక్కు తెరిచారు. "అమ్మా, మీ తాతగారి పేరు చెబుతారా? ఇక్కడ రాసుకోవాలి" అన్నారు. సత్తవ్వ ఒక్క తాతతో ఆపలేదు. నాలుగు తరాలు, ఆడపడుచులు, వాళ్ల అత్తగారి ఊళ్లు, ఎవరెవరికి పడదో కూడా చెప్పింది. ఆయన చేయి నొప్పి పుట్టింది. "నేను పన్నెండేళ్లు తిరిగితే ఇంత దొరకలేదు" అని వచ్చేటప్పుడు బస్సులో రెండుసార్లు అన్నారు.

బోనాలకు సత్తవ్వ మాణికేశ్వర్ నగర్ వచ్చి తొమ్మిది రోజులుంది. ఒకరోజు కరుణ ఆమెను హాస్టల్‌కు తీసుకెళ్లింది. మెస్సులో ఇప్పుడు గ్యాసు పొయ్యిలు, స్టీలు బల్లలు. విషయం తెలిసి వంటమాస్టరు కుర్చీ వేసి, సత్తవ్వకు పళ్లెంలో అన్నం, పప్పు వడ్డించాడు. పిల్లలు ఒక్కొక్కరే ఆమె చుట్టూ చేరారు.

సత్తవ్వ రెండు ముద్దలు తిని, "మా చిన్నాయిన అయితే ఇంకింత చింతపండు ఏస్తుండె" అంది. వంటమాస్టరు నవ్వుతూ లోపలికి వెళ్లి గిన్నెడు పులుసు పట్టుకొచ్చాడు.