పిన్ని గాజులతో వీసాకి

గరివిడిలో నర్సుగా పనిచేస్తూ, విదేశంలో ఒక సేవాసంస్థ నడిపే వృద్ధాశ్రమంలో ఆరు నెలలు ఉచితంగా సేవ చేయడానికి తాత్కాలిక వీసాకు దరఖాస్తు పెట్టాను. ఫారాలు నింపిన కన్సల్టెన్సీ మహానుభావుడికి సొంత పాస్‌పోర్టే లేదు. సలహాలకు మాత్రం కొదవలేదు.

"బోసిసేతుల్తో ఎల్తే తిరిగి రావనుకుంతారమ్మా. బంగారం ఏసుకో," అన్నాడు.

మా పిన్ని తన గాజుల్ని సబ్బు రాసి మరీ నా చేతులకు ఎక్కించింది. కన్సల్టెన్సీ ఆయనగారు ఆ గాజులతో నాకు ఫొటో కూడా తీశాడు.

హైదరాబాదులో ఇంటర్వ్యూ చేసే ఆవిడ, "అక్కడ ఏం పని చేస్తారు?" అని అడిగింది.

"మంచాన పడ్డవాళ్లకు స్నానం చేయిస్తానండి."

"ఈ గాజులతోనా?"

కంగారుపడి అక్కడే లాగబోయాను. ఒక్కటీ ఊడి రాలేదు. వెనక లైనంతా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోతూ, అవి మా పిన్నివని చెప్పేశాను. అప్పుడామె, మంచంలోని మనిషికి వీపు పుండ్లు పడకుండా ఎలా చూస్తారని అడిగింది. అది నాకు రోజూ ఉన్న పనే. చెప్పాను. వీసా వచ్చింది.

"సూసావా, బంగారం సూసే ఇచ్చినారు!" అన్నాడు మా మేధావి. నేనెంత చెప్పినా చెవికెక్కలేదు. ఆ ఫొటో ఇప్పటికీ అతని షాపు గోడమీదే ఉంది.

మొన్న మా ఆసుపత్రి వార్డులో పనిచేసే అమ్మాయి వీసాకు బయల్దేరుతూ నా దగ్గరకొచ్చింది.

"అక్కా, మీ పిన్ని గాజులు ఓపాలి ఇప్పిస్తారేటి?"