నడక పందేనికి ఫిల్మ్‌నగర్ దాకా

హైదరాబాదు చూడాలన్న కోరిక నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఫిల్మ్‌నగర్ చూడాలన్న కోరిక అంతకంటే ఎక్కువే ఉంది. రెండూ తీరాయి గానీ, నడక పందెం పుణ్యమా అని తీరతాయని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

మా అక్క కూతురు నాగమణికి అప్పుడు పదహారేళ్లు. పెద్దాపురం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు దీన్ని పరుగుకు పనికిరాదని తేల్చి, వేగంగా నడిచే పోటీలో దింపారు. జిల్లాలో గెలిచింది, రాష్ట్రంలోనూ గెలిచింది. తొంభైల చివరి మాట ఇది. పదిహేడేళ్ల లోపు పిల్లలకు ప్రపంచ స్థాయిలో పోటీలు జరగబోతున్నాయని, అందులో అమ్మాయిలకు ఐదు కిలోమీటర్ల నడక కూడా ఉందని, దానికి ఎంపిక హైదరాబాదులోనని కబురొచ్చింది. మొదటి ఇద్దరికీ శిక్షణ శిబిరం, అక్కడ నిలబడితే విదేశం. సరిగ్గా ఆ వారమే మాస్టారికి కామెర్లు పట్టుకున్నాయి. పోస్టాఫీసులో నాకు సెలవులు మిగిలి ఉన్నాయి కాబట్టి బాధ్యత నా మీద పడింది.

"నడవడానికి పోటీ ఏంటే? అందరం నడుస్తాం కదా" అని అక్క చివరి దాకా అంటూనే ఉంది.

అందరూ నడిచే నడక కాదది. ఎప్పుడూ ఒక పాదం నేల మీదే ఉండాలి. రెండూ గాల్లోకి లేస్తే పరుగు కింద లెక్క. ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. ఈ రెండు షరతులకూ కట్టుబడి వేగంగా పోవాలంటే నడుం అటూ ఇటూ తిరగాల్సిందే. మా ఇళ్లలో ఆడపిల్లకు మొదట నేర్పేదేమో అడుగు చప్పుడు కాకుండా, నడుం కదలకుండా నడవమని. అందుకే నాగమణి ఊళ్లో ఎవరూ లేవకముందే కాలవ గట్టు మీద సాధన చేసుకుని, తెల్లవారేసరికి బుద్ధిగా ఇంటికొచ్చేది. స్టేడియాల్లో చూసేవాళ్లంతా నడక పిల్లల తాలూకు వాళ్లే కాబట్టి అక్కడ దానికి బెరుకుండేది కాదు.

శుక్రవారం సాయంత్రం సామర్లకోటలో రైలెక్కాం. అక్క కట్టిచ్చిన పులిహోర రాజమండ్రి దాటకుండానే అయిపోయింది. ఎదురు సీట్లో బియ్యం వ్యాపారి ఒకాయన "అమ్మాయికి హైదరాబాదులో సంబంధమా అండీ?" అని అడిగాడు. పోటీకి అని చెప్పాను. ఏం పోటీ అన్నాడు. నడక అన్నాను. ఆయన కాసేపు మా ఇద్దర్నీ పరీక్షగా చూసి, అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి సికింద్రాబాదు. స్టేషన్ బయట ఇరానీ చాయ్ తాగాం. చాయ్ చిక్కగా, తియ్యగా ఉంది. నాకు నచ్చింది, నాగమణికి నచ్చలేదు. రెండంతస్తుల బస్సు కనబడగానే పై అంతస్తు ఎక్కాలనిపించింది గానీ అది మా దారిన పోదట. మామూలు బస్సెక్కి మధురానగర్‌లో నా చిన్ననాటి స్నేహితురాలు వరలక్ష్మి ఇంటికి చేరాం. ఇడ్లీలు పెట్టి, స్నానానికి నీళ్లు తోడి, "ఫిల్మ్‌నగర్ ఇక్కణ్ణుంచి దగ్గరే, చెక్‌పోస్టు దగ్గర దిగండి" అని దారి చెప్పింది.

అసలు సంగతేమిటంటే, స్టేడియంలో ట్రాక్ మరమ్మతులో ఉంది. మిగతా పోటీలన్నీ వాయిదా వేసి, ఒక్క నడక మాత్రం ఆదివారం పొద్దున్న ఫిల్మ్‌నగర్ పైన చదునుగా ఉన్న రోడ్డు మీద పెట్టారు. కిలోమీటరు చుట్టు, ఐదు చుట్లు. ముందు రోజు వెళ్లి దారి చూసుకోవచ్చన్నారు. అందుకని శనివారమే బస్సెక్కాం.

బోరబండ నుంచి వస్తున్న ఆ బస్సులో నా పక్కన నలభై ఏళ్ల మనిషి కూర్చుంది. ఒళ్లో పెద్ద సంచి, అందులో రెండు చీరలు. నేను ఆ సంచి వంక అదే పనిగా చూస్తున్నానని పసిగట్టింది.

"ఏందక్కా, గట్ల జూస్తున్నవ్? షూటింగ్‌కు పోతున్న. గిది పెండ్లి సీనుకు, గిది సావు సీనుకు. బజారు సీనైతే ఒంటి మీదున్నదే సాలు."

నా గుండె ఝల్లుమంది. సినిమా మనిషి పక్కనే కూర్చున్నాను! "మీరు ఏం వేషాలేస్తారండీ?" అన్నాను.

"నేనా? పబ్లిక్ ఏస్తనక్కా" అంది గర్వంగా.

ఆమె పేరు యాదమ్మ. ఇరవై ఏళ్లుగా సినిమాల్లో జనంగా ఉంటోందట. ఆమెతో పాటు వచ్చే ముప్పై మందికి ఆమే పెద్ద. డైరెక్టరు చెప్పింది విని, ఎప్పుడు లేవాలో, ఎప్పుడు అరవాలో చెయ్యెత్తి సైగ చేస్తుందట. నేను అడగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి గానీ, చెక్‌పోస్టు వచ్చేసింది.

బస్సు దిగి కొండ ఎక్కుతూ పోతే పెద్ద పెద్ద బండరాళ్లు, రాళ్ల మధ్య బంగళాలు, బంగళాలకు ఎత్తైన గోడలు. తారలు కనబడతారేమోనని ప్రతి గేటులోకీ తొంగి చూశాను. ప్రతి గేటు దగ్గరా కుక్కలు నన్ను చూశాయి. కొండ మీంచి చూస్తే దూరంగా గోల్కొండ కోట కనబడింది. పోటీ రోడ్డు బాగుంది, చెట్ల నీడ కూడా ఉంది. అయితే ఆ రోడ్డు మలుపులోనే షూటింగ్ వ్యాన్లు వచ్చి జనాన్ని ఎక్కించుకుపోయే చోటుంది. యాదమ్మ, ఆమె ముప్పై మందీ అక్కడే గట్టు మీద కూర్చున్నారు.

నాగమణి బూట్లు బిగించి బయలుదేరింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి ముందు ఒకడు ఈల వేశాడు. తర్వాత అందరూ నవ్వారు. ఒక కుర్రవాడు దాని వెనకాలే నడుం తిప్పుతూ నాలుగడుగులు వేసి చూపించాడు. యాదమ్మ కూడా కడుపు పట్టుకుని నవ్వింది. అటుగా స్కూటర్ మీద పోతున్న ప్రొడక్షన్ మనిషి ఆగి, "ఏ పిక్చరమ్మా? కామెడీ ట్రాకా?" అని మర్యాదగానే అడిగాడు.

నాగమణి టక్కున ఆగిపోయింది. తల వంచుకుని, చేతులు కట్టుకుని, మా ఊళ్లో గుడికి వెళ్లేటప్పుడు నడిచినట్టు నడిచి నా దగ్గరికొచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. నవ్వొచ్చే నడకే అది, కాదనను. కానీ మా పిల్లను చూసి ఊరూ పేరూ తెలియని వాళ్లు నవ్వితే ఊరుకోగలనా?

"ఇది పందెమండీ! ప్రపంచ పోటీలకు ఎంపిక!" అని యాదమ్మ మీదికి వెళ్లాను.

యాదమ్మ నవ్వాపుకుని, నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఉరికేటోళ్లను జూసిన గాని, గిట్ల నడిచి గెలుస్తరని నాకెర్కలే" అంది. నియమాలు అడిగి తెలుసుకుంది. సంచి పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు దోపి, తనూ పదడుగులు వేసి చూసింది. జనం ఆమెను చూసి కూడా పగలబడి నవ్వారు. ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు. "అబ్బో, నడుం ఇరుగుతది" అంటూ వచ్చి నాగమణి గడ్డం పట్టుకుంది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. మమ్ముల నవ్విపియ్యాల్నంటే డైరెక్టరు గొంతు పోయేదాంక ఒర్లుతడు. ఇయ్యాల పైసల్ తీస్కోకుండ నవ్వినం!"

 ఆ సాయంత్రం వరలక్ష్మి ప్రేమగా చేసిన గుత్తి వంకాయ కూర నాగమణి ముట్టలేదు. "వాళ్ల ముందు నడవలేను పిన్నీ. వాళ్లు చూస్తుంటే నడుం దానంతటదే బిగుసుకుపోతోంది. ఇంటికి పోదాం" అంది.  "పొద్దున్న లేపుతాను. అప్పుడు నువ్వెలాగంటే అలాగే" అన్నాను. పొద్దున్న లేపకముందే లేచి బూట్లు వేసుకుని కూర్చుంది. ముఖంలో మాత్రం కళ లేదు.

ఆదివారం ఆరున్నరకు పోటీ మొదలైంది. పదిమంది దాకా పిల్లలు. కేరళ అమ్మాయి ఒకతి, పంజాబు అమ్మాయి ఒకతి మొదటి నుంచీ ముందున్నారు. మూడోది మా నాగమణి. రోడ్డు పొడుగునా న్యాయనిర్ణేతలు నిలబడ్డారు. తప్పు అనుమానం వస్తే పసుపు అట్ట చూపిస్తారు. తప్పు ఖాయమైతే బోర్డు మీద ఎర్ర గుర్తు పడుతుంది. ముగ్గురు వేర్వేరు నిర్ణేతలు తప్పంటే, మూడు గుర్తులతో ఆట కట్టు.

నేను మలుపు దగ్గర నిలబడ్డాను. యాదమ్మ జనం ఆ రోజు కూడా వ్యాను కోసం ఎదురుచూస్తున్నారు. మొదటి చుట్టులో పిల్లలంతా వరసగా నడుం తిప్పుకుంటూ వచ్చేసరికి నవ్వులు మిన్నంటాయి. నాగమణి బిగుసుకుంది. నడుం ఆగింది, మోకాలు వంగింది. పసుపు అట్ట లేచింది. రెండో చుట్టులోనూ అదే తంతు, బోర్డు మీద ఒక ఎర్ర గుర్తు. మూడో చుట్టుకు రెండోది. 

యాదమ్మ నా దగ్గరికొచ్చింది. "అక్కా, గా ఎర్ర గుర్తులేంది?"

"ఇంకొకటి పడితే ఇంటికే. మీరు నవ్వుతుంటే పిల్ల బిగుసుకుపోతోంది, మోకాలు వంగుతోంది. మీ సరదా కాస్తా దాని కొంప ముంచుతోంది!" అన్నాను. కోపంతో పాటు కన్నీళ్లు కూడా వచ్చాయి.

యాదమ్మ ముఖం మారిపోయింది. గిర్రున వెనక్కి తిరిగి, నేను అంతవరకూ వినని గొంతుతో "సైలెన్స్!" అని అరిచింది. ముప్పై మందీ ఠక్కున నోళ్లు మూశారు. అలవాటు మరి.

"గెలుపు సీను! చెయ్యెత్తంగనే చప్పట్లు. ఎవ్వలు నవ్వినా రేపు నా ఎంబడి రావద్దు. అందరికీ కొట్టుండ్రి, ఒక్కలకే కాదు!"

గట్టు మీద వాళ్లు లేచి నిలబడ్డారు. ముందు రోజు వెక్కిరించిన కుర్రవాడు చొక్కా సర్దుకున్నాడు. ముఖాల్లో ఆత్రం, కళ్లలో మెరుపు, అన్నీ ఎక్కడి నుంచో వచ్చేశాయి. నాలుగో చుట్టులో కేరళ అమ్మాయి కనబడగానే యాదమ్మ చెయ్యి లేచింది. ఆ చప్పట్లకు బండరాళ్లు మారుమోగాయి. కేరళ అమ్మాయి కంగారుగా చూసి పోయింది. పంజాబు అమ్మాయికి ఎక్కడలేని హుషారొచ్చింది. నాగమణి వచ్చింది. మొదట నమ్మలేదు. గట్టు వైపు ఒకసారి చూసింది. ఒక్కరు కూడా నవ్వడం లేదు. నడుం తిరగడం మొదలైంది, కాలవ గట్టు మీద ఎవరూ లేనప్పుడు తిరిగినట్టే.

చివరి చుట్టులో యాదమ్మ నా చెయ్యి పట్టుకుని నాగమణినే చూస్తూ సైగ చెయ్యడం మరిచిపోయింది. చప్పట్లు మాత్రం మోగాయి.

నాగమణి మూడోదిగానే చేరింది. కావలసింది ఇద్దరే. దాని తల నిమురుతూ నిలబడ్డాను. ఇంతలో బోర్డు దగ్గర కలకలం. పంజాబు అమ్మాయికి చివరి చుట్టులో మూడో గుర్తు పడింది. రెండు పాదాలూ గాల్లోకి లేచాయన్నారు. చప్పట్ల హుషారులోనే లేచాయో, అలసటతో లేచాయో నాకు తెలియదు. ఆ పిల్ల రోడ్డు మీదే కూర్చుని ఏడ్చింది. నాగమణి రెండో స్థానం వచ్చిందని ఎగరలేదు. వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. నాకు సంతోషమే, కాదనను, కానీ మంచినీళ్లు ముందు ఆ పిల్లకే అందించాను.

యాదమ్మకు చెప్పి వద్దామని వెళ్లేసరికి వ్యాను కదులుతోంది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆ చేతికి పెళ్లి చీర కొంగు చుట్టుకుని ఉంది.

చెక్‌పోస్టు దగ్గర బూత్‌లోంచి పెద్దాపురంలో పక్కింటి వాళ్లకు ఫోన్ చేసి అక్కను పిలిపించాను. ఎంపికైందని చెప్పాను. అక్క, "ఆ నడక ఎవరైనా చూశారా?" అంది.

"చూశారు. చప్పట్లు కొట్టారు" అన్నాను.

మధ్యాహ్నం టోలిచౌకిలో బిరియానీ తిన్నాం. రెండు రోజుల ఆకలీ ఒకేసారి తీర్చుకుంది పిల్ల. అటు వెళ్లేవాళ్లు ఎండ ముదరకముందే వెళ్లండి, చోటు దొరకదు.

సోమవారం పొద్దున్న పగటి రైల్లో తిరుగు ప్రయాణం. మొత్తానికి నేను చూసిన ఫిల్మ్‌నగర్‌లో ఒక్క తార కూడా లేదు. చూడాలనుకున్న దానికంటే ఎక్కువే చూశాననిపించింది. ఖమ్మంలో రైలాగింది. ఎండ మాడ్చేస్తోంది. నీళ్ల సీసా పట్టుకుని నాగమణి దిగింది. కుళాయి ఎక్కడో ప్లాట్‌ఫారం చివర ఉంది. అది సీసా నింపుతుండగానే కూత వినబడి రైలు కదిలింది.

"పరిగెత్తవే!" అని గుమ్మంలోంచి కేకపెట్టాను.

అది పరిగెత్తలేదు. మోకాలు వంగకుండా, నడుం తిప్పుకుంటూ, సీసా ఊపుకుంటూ తన నడకలోనే దూసుకొచ్చింది. టీ అమ్మేవాళ్లు, కూలీలు, పెట్టెలో వాళ్లు, ప్లాట్‌ఫారం అంతా నవ్వులే. వచ్చి కడ్డీ పట్టుకుని ఎక్కేసింది. 

"అందరూ ఎలా నవ్వుతున్నారో చూడు" అన్నాను చెవి మెలేస్తూ.

"నవ్వనీ పిన్నీ" అంది నాగమణి, సీసా నా చేతికిస్తూ. "డబ్బులు తీసుకోకుండానే నవ్వుతున్నారు కదా."