గేట్ పాసు మీద లింగం

ప్రింటర్లు చెడిపోవని, వాటికి గాలి సోకుతుందని ఓదెలు వాదన. పాశమైలారం నుంచి జిన్నారం దాకా ఏ కంపెనీలో ప్రింటర్ మొరాయించినా ఆయనే వచ్చేవాడు. వచ్చి, సంచిలోంచి స్క్రూడ్రైవర్ కంటే ముందు నిమ్మకాయ తీసేవాడు. కాగితం ఇరుక్కుంటే కొంటె గాలి. గీతలు పడితే ఏడుపు గాలి. ఒకచోట టోనర్ అయిపోతే దాన్ని ఆకలి గాలిగా తేల్చి, కొత్తది వేసి, దిష్టి తీసి మరీ వెళ్లాడు.

"కాకా, ఇంజనీరింగ్ చదివినోళ్లు నవ్వుతున్నరే!" అని ఆఫీసు కుర్రాళ్లు ఆటపట్టించేవాళ్లు.

"నవ్వనీ బిడ్డా. ఆళ్ల ప్రింటర్ గూడ నేనే బాగుచేసిన."

మందుల కంపెనీ డిస్పాచ్ ఆఫీసులో చేరి మూడు నెలలైన మహితకు కూడా ఆయన మాటలు వింటే నవ్వొచ్చేది. ఆ మంగళవారం మాత్రం నవ్వు రాలేదు.

పొద్దున పదకొండింటికి లారీ డ్రైవర్ ఒకడు గేట్ పాసు వెనక్కి తెచ్చి, వేలి కొనతో ఆమె వైపు నెట్టాడు.

"మేడం, ఇండ్ల ఎవలో ఉన్నరు."

నిజమే, ఉన్నారు. అక్షరాల వెనక బూడిదరంగులో ఒక ముఖం. గుబురు మీసం, తిన్నగా చూసే కళ్లు. పోయిన నెల గుండెపోటుతో చనిపోయిన గేటు వాచ్‌మన్ లింగం! పాసు చూపించనిదే సొంత బావమరిదిని కూడా గేటు దాటనివ్వని మనిషి.

మహిత ఇంకో పాసు తీసింది. మళ్లీ లింగమే. ఏమీ టైపు చేయకుండా ఉత్త కాగితం తీసింది. తెల్లటి కాగితం మీద ఆ ముఖం ఒక్కటే, ఇంకాస్త పలచగా, వెచ్చగా బయటికొచ్చింది. ఎవరూ ఏమీ నొక్కకుండానే ప్రింటర్ లోపల ఏదో గరగరమని తిరిగి ఆగిపోయింది. గదిలో కాలిన జిగురు వాసన. గుమ్మం దగ్గర బీహార్ హమాలీలు "లింగం చాచా ఆయే హైఁ" అని, ఆయనే వచ్చాడనుకుంటూ చెప్పులు విడిచి నిలబడ్డారు. లారీ ఒక్కటీ కదలలేదు.

మేనేజర్ శివశంకర్ ఊడిపడ్డాడు.

"దయ్యం లేదు గియ్యం లేదు! ఎవలో పాడుజేసిన్రు. ఎవలన్నది సాయంత్రంలోపల తేలాలె. తేలినోళ్లు రేపట్నుంచి రావద్దు!"

మహిత గోడ వైపు చూసింది. సగం వాడిన స్టిక్కర్ షీటు ప్రింటర్‌లో మళ్లీ పెట్టవద్దని అక్కడ రాసే ఉంది. పారేయడానికి మనసొప్పక, అల్మారాలో దొరికిన పాత షీటొకటి పొద్దున లేబుళ్ల కోసం తొందర తొందరగా బోర్లా పెట్టేసింది. ఆ తర్వాతే లింగం వచ్చాడు. తప్పు చేసినవాళ్లను పట్టుకోవడానికే వచ్చాడా?

ఓదెలు వచ్చాడు. నిమ్మకాయ ప్రింటర్ మీద పెట్టి, దానికి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"పెద్ద గాలి. అందరు బయటికి నడువుండ్రి. లైటు పట్టనీకి ఈ పిల్ల ఉంటది."

తలుపు మూయగానే గొంతెత్తాడు. "లింగన్నా! ఎందుకొచ్చినవ్? ఎవల కోసమొచ్చినవ్?" నోరు ఇలా కేకలేస్తుంటే చేతులు చప్పుడు లేకుండా ప్రింటర్ వెనక మూత విప్పుతున్నాయి. మధ్యలో గొంతు తగ్గింది.

"బిడ్డా, స్టిక్కర్ షీటు పెట్టినవా?"

మహిత తలూపింది. కళ్లనిండా నీళ్లు.

"ఏడ్వకు. లైటు సక్కగ పట్టు."

వేడి రోలర్‌కు చుట్టుకున్న బొటనవేలంత స్టిక్కర్‌ను చిన్న పట్టకారుతో మెల్లగా ఊడదీశాడు. దాని మీద లింగం ఫొటో.

"ఐడీ కార్డుల ఫొటోలు తీసిన షీటు గిది. ఒకటి ఊడి ఈడ అంటింది. వేడికి కరిగి కాగితం మీద దిగుతుంది, గంతే."

"మరి గాలి?"

"యంత్రానికి గాలేంది బిడ్డా!" అంటూ స్టిక్కర్‌ను జేబులో వేసుకున్నాడు. "పన్నెండేండ్ల కింద జిన్నారంల ఒక కంపెనీకి పోయిన. ప్రింటర్ ఎవలు పాడుజేసిన్రంటే ఉన్నదున్నట్టు చెప్పిన. పుష్ప అని, నీ తీర్గనే కొత్త పిల్ల. తెల్లారి నుంచి పనికి రాలే. గప్పట్నుంచి నాకు మనుషులు కనవడరు, గాలే కనవడ్తది."

మూత బిగించి, "పో లింగన్నా, పో!" అని గోడలదిరేలా అరిచి తలుపు తీశాడు. ప్రింటర్‌లోంచి పాసు తెల్లగా, శుభ్రంగా వచ్చింది. శివశంకర్ దాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదంత సరే. చేసిందెవలో చెప్పు."

"లింగన్ననే సార్. రేపట్నుంచి రావద్దని గట్టిగ చెప్పిన."

శివశంకర్ నిమ్మకాయకు కాస్త ఎడంగా నడిచి వెళ్లిపోయాడు. మహిత నవ్వు ఆపుకోవడానికి చున్నీ అంచు నోట్లో కుక్కుకుని, రెండో లారీకి పాసు తీసింది.