తొలిముద్ద అమ్మది

కిందటి నెల మా మామ్మ పోయింది. మామ్మంటే నాన్నకి అమ్మ. అమ్మ ఫోన్ చేసి చెప్పేలోపే బంధువుల వాట్సాప్ గ్రూపు నిండా దండాల బొమ్మలు. అందరికన్నా ముందు పెట్టింది కోటవురట్లలో ఉండే మా మేనత్త, మామ్మ కూతురు. ఆ దండాలకి అప్పుడు బదులివ్వలేదు. ఇక్కడ ఇస్తున్నాను.

మామ్మ జీడితోటల్లో పెరిగిన మనిషి. నర్సీపట్నం కాపురానికొచ్చినా ఆ నడక పోలేదు. బజారుకెళ్తే వెనక నేను పరుగెత్తాల్సిందే. అలిగి కంచం తోసేస్తే తిరిగి నా ముందుకి జరిపి, "ముందు తినేసి, ఆనక దెబ్బలాడే" అనేది. నన్ను వైజాగ్ కాలేజీకి పంపమని నాన్నతో పోట్లాడిందీ ఆమే. అదీ భోజనాలయ్యాకే.

అలాంటి మనిషి అన్నం చూసి భయపడింది. మొదట పేర్లు మరిచిపోయింది, తర్వాత తనింట్లోనే దారి. బీరువా వెనక ఎవడో కూర్చున్నాడంది. చివరికి అమ్మ కూరలో మందు కలుపుతోందని వీధిలో నిలబడి అందరికీ చెప్పింది. లేని మనుషులు కనబడటం, ఉన్నవాళ్ల మీద అనుమానం, అల్జీమర్స్‌లో ఇవీ ఉంటాయని డాక్టరు చెప్పారు. వీధికి మాత్రం మామ్మ మాటే రుచించింది.

మా ఇంట్లో అత్తగారు తినందే కోడలు తినదు. పెళ్లయిననాటి నుంచీ అమ్మకి అదే అలవాటు. జబ్బు ముదిరాక మామ్మ కంచంలోంచి తొలిముద్ద అమ్మ తిని, నోరు తెరిచి చూపించాలి. అప్పుడే మామ్మ చెయ్యి కదిలేది. ఒక్కోరోజు చూసి కూడా కంచం విసిరేది. అమ్మ మళ్లీ కలిపేది.

ఒక మధ్యాహ్నం మేనత్త వచ్చి అది చూసింది. ఎందుకని అడగలేదు. ఫోటో తీసి, "కోడలి ఎంగిలి తింటున్న మా అమ్మ" అని గ్రూపులో పెట్టింది. నేను జబ్బు గురించి రాస్తే చదువుకున్న పొగరన్నారు. ఒక్కరూ వచ్చి ఒక్కపూట ముద్ద కలపలేదు.

పెద్దకర్మ నాడు మేడ మీద విస్తరి పెట్టాం. కాకి పిట్టగోడ మీద వాలింది కానీ ముట్టలేదు. పోయినవాళ్లకి తృప్తి లేకపోతే ముట్టదంటారు.

"బతికుండగా ఎంగిలెట్టినోళ్ల సేతి కూడు, సచ్చేక మాత్రం ముడతాదేటి?" అంది మేనత్త, అందరికీ వినబడేలా.

నేను జవాబు చెప్పేలోపే అమ్మ వెళ్లి విస్తరి ముందు కూర్చుంది. వంకాయ కూర కలిపి ఒక ముద్ద తింది.

"సూడండి అత్తమ్మా, ఏటీ లేదు. ఇంక తినండి."

పిట్టగోడ వైపు తిరిగి, నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది.